కాగితానికీ పదును ఉంటుంది

ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి బడిసంచీతోనే దుకాణం మెట్లెక్కి, చుట్టగా చుట్టిన డ్రాయింగ్ షీటును కౌంటరు మీద పరిచింది. మా గార్ల చెరువు మీద సూర్యోదయం వేసింది. వేయబోయింది అనడం సబబు. ఆకాశం ఉండాల్సిన చోట కాగితం నలిగి పొట్టు లేచింది. షీటంతా నిప్పుల మీద అప్పడంలా వంకర్లు తిరిగింది.

"అత్తమ్మా, నువ్విచ్చిన రంగులు మంచియి కావు" అంది మొహమాటం లేకుండా.

"రంగులు మంచియే బిడ్డా. కాగితమే మంచిది కాదు. అది కూడా నేనే అమ్మిన" అన్నాను.

పిల్ల నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు. గార్ల స్టేషన్ రోడ్డులో పందొమ్మిదేళ్లుగా నోటుపుస్తకాలు, చార్టులు, పెన్నులు అమ్ముతున్నాను. అందులో పన్నెండేళ్లుగా, షట్టర్ ఎత్తక ముందు తెల్లవారుజామున నీటిరంగులు వేస్తున్నాను. నేర్పిన గురువెవరూ లేరు. మొదటి రెండేళ్లు నేనూ ఈ పిల్లలాగే రంగులను తిట్టాను. తర్వాత కుంచెను తిట్టాను. ఆఖరికి నా చేతిని తిట్టుకున్నాను. కాగితం మీదికి మాత్రం అనుమానం పోలేదు. కాగితాలు అమ్మేదాన్ని నేనే కదా!

ఆ అనుమానం ఎలా వచ్చిందో చెప్పాలంటే మా నాయిన సంగతి చెప్పాలి.

నీరటి బిడ్డను

మా నాయిన చెరువు కింద నీరటి. తూము ఎప్పుడు ఎత్తాలి, ఏ మడికి ఎంతసేపు పారాలి, ఎవరి వంతు ఎప్పుడు, అంతా ఆయన లెక్క. మాకు రెండెకరాల రేగడి, ఎకరం చెల్క ఉండేవి. వాన పడిన తెల్లారి చేనుకు పోయి పిడికెడు మట్టి తీసి పిసికేవాడు. వేళ్లకు అంటుకుంటే "ఇంకా పచ్చిగుంది" అనేవాడు. పొడిపొడిగా రాలితే "పదను పోయింది" అనేవాడు. ముద్దకట్టి, బొటనవేలితో నొక్కగానే విడిపోతే మాత్రం "ఇగ పదనుంది, గింజెయ్యొచ్చు" అనేవాడు. చెల్కలో ఆ పదును ఒక పూట నిలిస్తే గొప్ప. రేగడిలో రోజుల తరబడి ఉంటుంది.

ఒకరోజు ఆకాశం వేస్తుంటే నేనూ అదే పని చేస్తున్నానని తట్టింది. తడిపిన కాగితం మీద రంగు వదలడానికి ఒక పదును ఉంది. దానికంటే ముందు వదిలితే రంగు పారిపోతుంది, తర్వాత వదిలితే మచ్చ కడుతుంది. నేను వాడుతున్న డ్రాయింగ్ షీటు చెల్క. పదును వచ్చేలోపే పోతోంది. నాకు కావాల్సింది రేగడి లాంటి కాగితం.

నీటిరంగులు మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పే మాట ఇదొక్కటే. రంగుల పెట్టె తర్వాత కొనుక్కోండి. ముందు పదును నిలిచే కాగితం వెతుక్కోండి.

పత్తి కాగితం, కట్టె కాగితం

మా వైపు రోడ్ల మీద రెండు రకాల లారీలు కనిపిస్తాయి. ఒకటి జామాయిల్, సుబాబుల్ కట్టెతో భద్రాచలం దగ్గరి సారపాక పేపర్ మిల్లుకు పోయేది. రెండోది పత్తి బోరాలతో జిన్నింగ్ మిల్లుకు పోయేది. నోటుపుస్తకం మొదటి లారీలోంచి వస్తుంది. నీటిరంగుల మంచి కాగితం మాత్రం రెండో లారీకి చుట్టం.

జామాయిల్ కట్టెను గుజ్జు చేస్తే వచ్చే పోగు పొడవు సుమారు ఒక మిల్లీమీటరు. రాయడానికి, అచ్చు వేయడానికి అది చాలు. పత్తి సంగతి వేరు. జిన్నింగ్‌లో దూది తీశాక కూడా గింజను అంటుకుని పొట్టి నూగు మిగులుతుంది. దాన్ని లింటర్ అంటారు. ఆ నూగును, బట్టల మిల్లుల్లో మిగిలిన నూలు పీలికలను ఉడికించి, నలగ్గొట్టి పత్తి కాగితం చేస్తారు. దాని పోగులు పొడుగ్గా ఉండి ఒకదాన్నొకటి పెనవేసుకుంటాయి. నీళ్లు తాగినా ఊడిరావు.

నమ్మకం కుదరకపోతే మీ ఇంట్లోనే రుజువుంది. చొక్కా జేబులో మరిచిపోయిన బస్సు టికెట్టు ఉతుకులో ముద్దయిపోతుంది. అదే జేబులోని వంద రూపాయల నోటు ఆరేస్తే మళ్లీ చెల్లుతుంది. మన కరెన్సీ నోటు కాగితం నూరు శాతం పత్తిది మరి.

కట్టె గుజ్జులో లిగ్నిన్ అనే పదార్థం ఉంటుంది. పూర్తిగా తీసేయకపోతే ఎండ తగిలి కాగితం పసుపెక్కుతుంది. కిటికీలో వదిలేసిన న్యూస్‌పేపరు నెలలోపే ఎందుకు రంగు మారుతుందో ఇప్పుడు అర్థమై ఉంటుంది. పత్తిలో ఆ బెడద ఉండదు. కవర్ మీద "నూరు శాతం కాటన్", "ఆమ్ల రహితం" అన్న మాటలు చూసి కొనమనేది ఇందుకే.

గంజి పెట్టిన చీర

పత్తిదైతే చాలదు. దూదిని నీళ్లలో వేస్తే ఏమవుతుంది? చుక్క మిగల్చకుండా పీల్చేస్తుంది. రంగు కూడా అలాగే లోపలికి దిగి మాసిపోతుంది. అందుకే కాగితానికి జిగురు పట్టిస్తారు. కాగితాల వాళ్లు సైజింగ్ అనే ఈ పని, మనం నూలు చీరకు గంజి పెట్టడం లాంటిదే. గంజి పెట్టిన చీర మీద నీటిచుక్క కాసేపు ముత్యంలా నిలబడి, తర్వాత నెమ్మదిగా ఇంకుతుంది. ఆ కాసేపే మన పదును.

ఇటలీలోని ఫాబ్రియానో ఊళ్లో 13వ శతాబ్దంలోనే జంతువుల చర్మం నుంచి తీసిన జిగురులో కాగితాలను ముంచేవారు. ఇప్పటికీ పేరున్న కొన్ని కాగితాలకు లోపలా పైనా జెలటిన్ పట్టిస్తారు. మాంసాహార పదార్థం వద్దనుకునేవారికి వేరే జిగురు వాడినవీ దొరుకుతాయి.

గంజికున్న శత్రువే ఈ జిగురుకూ ఉంది. అది చెమ్మ. ఒక వానాకాలం నేను మూడు మంచి షీట్లను గోడకు ఆనించి పెట్టాను. దసరాకు తీసి వాష్, అంటే పలుచని రంగు పూత, వేస్తే, అక్కడక్కడా రంగు చటుక్కున పీల్చుకుని తట్టు పోసినట్టు మచ్చలు తేలాయి. అక్కడ జిగురు చచ్చిపోయిందన్నమాట. అప్పటినుంచి షీట్లను ప్లాస్టిక్ కవర్లో పెట్టి, బీరువాలో పడుకోబెడుతున్నాను. ఇంకో జాగ్రత్త మన ఆడవాళ్లకు ప్రత్యేకం. తలకు కొబ్బరినూనె రాసుకున్న చేత్తో కాగితాన్ని ముట్టుకోవద్దు. నూనె వేలిముద్ర పడిన చోట రంగు పట్టదు. వాష్ ఆరాక ఆ అయిదు వేళ్లూ బయటపడతాయి.

మందం, మొహం

కాగితం మందాన్ని జీఎస్‌ఎంలో చెబుతారు. చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందన్నదే ఆ లెక్క. జెరాక్స్ కాగితం 70 నుంచి 80 జీఎస్‌ఎం. పిల్లలు కొనే డ్రాయింగ్ షీటు 100 నుంచి 150 మధ్య ఉంటుంది. నీటిరంగులకు 300 ఉంటే నిశ్చింత. 640 జీఎస్‌ఎం కాగితాలూ ఉన్నాయి. అవి అట్టలా నిలబడతాయి, ఎంత తడిపినా వంగవు, కానీ కొత్తవాళ్లకు ఆ ఖర్చు అక్కర్లేదు. 200 జీఎస్‌ఎం పుస్తకం చిన్న బొమ్మలకు, తడి తక్కువ పెట్టేవాటికి సరిపోతుంది.

ఇక మొహం. వేడి రోలర్ల మధ్య నొక్కినది నున్నగా ఉంటుంది. దాన్ని హాట్ ప్రెస్ అంటారు. పెన్నుతో గీతలు గీసి రంగు నింపేవారికి, పూల రేకుల సన్నపనికి అది బాగుంటుంది. వేడి లేకుండా నొక్కినది కోల్డ్ ప్రెస్. సన్నని గరుకు ఉంటుంది. నొక్కకుండా వదిలేసిన రఫ్ కాగితం మీద గుంటలు, మిట్టలు చేతికి తగులుతాయి. మొదలుపెట్టేవారికి కోల్డ్ ప్రెస్ చాలు. ఆకాశమూ సాఫీగా వస్తుంది, తాటిమాను గరుకూ వస్తుంది.

దుకాణంలో ఐవరీ షీటు తెల్లగా, నున్నగా కళ్లకు ఇంపుగా ఉంటుంది. నేనూ మొదట దానికే పడిపోయాను. నీళ్లు తగలగానే రంగు దాని మీద జారి గుంటలు కడుతుంది. అది కార్డులకు మంచిది, నీటిరంగులకు పనికిరాదు.

దుడ్డు ఎలా పెట్టాలి

పూర్తి షీటు అంటే 22 అంగుళాలు, 30 అంగుళాలు. ఒక మంచి పత్తి షీటు ధరకు డ్రాయింగ్ షీట్లు పదుల్లో వస్తాయి. గుండె గుభేలుమనడం సహజం. అయితే ఆ షీటును ఎనిమిది ముక్కలు చేయండి. ఒక్కొక్కటి సుమారు ఏడున్నర అంగుళాలు, పదకొండు అంగుళాలు వస్తుంది. రెండు వైపులా వాడితే పదహారు బొమ్మలు. నెలకు ఒక షీటు కొన్నా వారానికి నాలుగు బొమ్మలు వేసుకోవచ్చు. చించేటప్పుడు కత్తెర వద్దు. మడిచి, గోటితో మడత నొక్కి, స్కేలు ఆనించి లాగండి. అంచు అందంగా వస్తుంది.

కంపెనీల పేర్లు అడుగుతుంటారు. ఫ్రాన్స్‌లో ఆర్చెస్ మిల్లు 1492 నుంచి కాగితం చేస్తోంది. ఇంగ్లండులో సాండర్స్ వాటర్‌ఫోర్డ్ ఉంది. మన దేశంలో జైపూర్ దగ్గరి సాంగానేర్ చేతికాగితానికి పెట్టింది పేరు. చేతికాగితంలో జిగురు ఒక్కో విడతకు ఒక్కోలా ఉండొచ్చు. అందుకే పేరు చూసి నమ్మకుండా, ఒక ముక్క కొని ఇంట్లో నాలుగు పరీక్షలు పెట్టండి.

నీటిచుక్క వేయండి. చూస్తుండగానే ఇంకిపోతే జిగురు తక్కువ. తడిపి కుంచెతో ఒకేచోట పదిసార్లు రుద్దండి. పొట్టు లేస్తే వద్దు. మాస్కింగ్ టేపు అంటించి నెమ్మదిగా పీకండి. కాగితం తోలు ఊడితే వద్దు. రంగు వేసి పూర్తిగా ఆరనిచ్చి, తడి కుంచెతో తుడిచి గుడ్డతో అద్దండి. రంగు కొంతైనా లేచివస్తే మంచి కాగితమే.

300 జీఎస్‌ఎం కాగితమైనా బాగా తడిపితే కొద్దిగా ఉబ్బుతుంది. నాలుగంచులా టేపు వేసి చెక్కపలకకు అంటిస్తే చాలావరకు నిలుస్తుంది. పలచని కాగితమైతే అయిదు నిమిషాలు నీళ్లలో నానబెట్టి, పలక మీద పరిచి, తడిపితే అంటుకునే గోధుమరంగు గమ్ టేపుతో నాలుగు పక్కలా బిగించి రాత్రంతా ఆరనివ్వండి. తెల్లారేసరికి డప్పు తోలులా బిగిసి ఉంటుంది.

నాలుగు తడులు

ఇప్పుడు అసలు పని. పెద్ద కుంచెతో కాగితాన్ని శుభ్రమైన నీళ్లతో తడిపి, తల వంచి వెలుతురుకు ఎదురుగా చూడండి. రంగు జోలికి పోవద్దు. ఊరికే చూడండి.

మొదట కాగితం అద్దంలా మెరుస్తుంది. నీళ్లు నిలిచి ఉన్నాయి. ఇది బురదమడి. ఇప్పుడు రంగు వేస్తే ఎటు పోతుందో మీ చేతిలో ఉండదు. రాంపురం దారిలో పాకాల ఏరు వానాకాలం చెక్‌డ్యామ్ మీదుగా పారేటప్పుడు, ఆ కలకను వేయాలంటే నాకు ఈ తడే కావాలి.

కాసేపటికి మెరుపు తగ్గి పట్టుచీర నిగనిగలా మారుతుంది. ఇదే పదును. రంగు చుక్క పెడితే మెత్తగా విచ్చుకుని ఆగుతుంది. మబ్బులు, పొగమంచులో దూరపు చెట్లు, నీళ్లలో నీడలు ఇక్కడే వేయాలి. దీన్నే వెట్ ఆన్ వెట్ అంటారు. కుంచెలో నీళ్లు కాగితం మీది తడికంటే తక్కువ ఉండాలి. ఈ ఒక్క సూత్రం పట్టుబడితే సగం విద్య వచ్చినట్టే.

తర్వాత మెరుపు పూర్తిగా పోతుంది. ఆరినట్టే కనిపిస్తుంది, ఆరలేదు. చెయ్యి వెనక్కి తిప్పి వేళ్ల కణుపులు ఆనిస్తే చల్లగా తగులుతుంది. ఇది మోసపు తడి. ఇప్పుడు తడి కుంచె పెడితే, కొత్త నీళ్లు సగం ఆరిన రంగును అంచుకు నెట్టుకుంటూ పోయి గోబీపువ్వు లాంటి మరక కడుతుంది. చేతులు కట్టుకుని కూర్చోండి. నాకు ఈ ఓపిక రావడానికి మూడేళ్లు పట్టింది.

నాలుగోది పూర్తిగా ఆరిన కాగితం. చల్లదనం ఉండదు. దీని మీద వేసిన గీత కత్తిలా నిలుస్తుంది. డోర్నకల్ చర్చి వేయాలంటే ఇదే దారి. బిషప్ అజరయ్య కట్టించగా 1939లో పూర్తయిన ఆ గుడిలో మసీదు గుమ్మటాలూ కోవెల స్తంభాలూ కలిసి ఉంటాయి. గుమ్మటం ఒంపును వెలుగు పక్క నుంచి నీడ పక్కకు పొరమీద పొర వేసి తేవాలి. ప్రతి పొరా ఆరాకే తర్వాతిది. తొందరపడితే కింది పొర లేచి బురదవుతుంది.

ఆరిన కాగితం మీదే, కుంచెను గుడ్డకు అద్ది దాదాపు పొడిగా ఈడిస్తే రంగు మిట్టలకు మాత్రం అంటి, గుంటలు తెల్లగా మిగులుతాయి. డ్రై బ్రష్ అంటే అదే. ఎండలో చెరువు నీటి తళుకులు, తాటిమాను గరుకు దీంతో వస్తాయి.

ఆకాశానికి సాఫీ పూత కావాలంటే పలకను తలవైపు కొద్దిగా ఎత్తండి. రంగు ముందే ఎక్కువ కలిపి పెట్టుకోండి. పైనుంచి అడ్డంగా ఒక చార లాగితే కింది అంచున రంగు పూసలా చేరుతుంది. ఆ పూసను అందుకుని తర్వాతి చార లాగాలి. మడి నిండాక గండి కొట్టి కింది మడికి పారించినట్టే. చారచారకూ నీళ్లు పెంచుతూ పోతే రంగు కిందికి వచ్చేసరికి పలుచబడుతుంది. ఆరాక ఏ రంగైనా తడిలో కనిపించినదానికంటే వెలిసినట్టు ఉంటుంది కాబట్టి కాస్త ముదురుగానే కలుపుకోండి.

తెల్లరంగు కొనొద్దు. నీటిరంగుల్లో తెలుపు కాగితానిదే. కొంగ తెల్లగా ఉండాలంటే కొంగను వేయరు, దాని చుట్టూ ఉన్న నీళ్లను వేస్తారు.

మా ఎండల గురించి కూడా చెప్పాలి. మే నెలలో 45 డిగ్రీలు కాసేటప్పుడు పదును కన్నుమూసి తెరిచేలోపు పోతుంది. అప్పుడు కాగితాన్ని రెండు వైపులా తడిపి ప్లాస్టిక్ పలక మీద పరుస్తాను. వెనకనుంచి తడి అందుతూ ఉంటుంది. ఫ్యాన్ ఆపేస్తాను. మిట్టమధ్యాహ్నం జోలికి పోను.

బయ్యారం గుట్ట రంగు

ఆరు ట్యూబులు చాలు. చల్లని పసుపు ఒకటి, ఎల్లో ఓకర్, బర్న్ట్ సియెన్నా, ఒక ఎరుపు, అల్ట్రామెరీన్ నీలం, ఇంకో పచ్చదనపు నీలం. ట్యూబులో పొడిరంగును పట్టి ఉంచేది తుమ్మజాతి చెట్టు బంకే. ఓకర్, సియెన్నా రెండూ ఇనుము కలిసిన మట్టిరంగులు. మా పక్క బయ్యారం ఇనుపరాయికి పేరు. వాన వెలిశాక ఆ గుట్టల ఎర్రదనం చూస్తే ట్యూబులోని రంగు ఎక్కడిదో తెలుస్తుంది. పసుపుపచ్చని మట్టిని కాలిస్తే ఎరుపెక్కుతుంది. ఇటుక బట్టీలో జరిగేదే. బర్న్ట్ అన్న మాట అందుకే వచ్చింది.

ఈ ఇనుపరంగులు ఎండకు వెలవవు. మోదుగుపూల రంగు హోలీ దాటితే ఉంటుందా? ట్యూబుల్లోనూ మోదుగుపూల తంతువి ఉన్నాయి. మిరుమిట్లు గొలిపే గులాబీలు కొన్ని ఎండలో పెడితే త్వరగానే పారిపోతాయి. ట్యూబు మీద నిలకడ గుర్తులు చూసి కొనండి. అల్ట్రామెరీన్ అంటే భయపడొద్దు, తెల్లబట్టలకు పెట్టే పాత నీలం పొడి ఆ జాతిదే. దాని రేణువులు గరుకు కాగితం గుంటల్లోకి దిగి ఇసుక పేరుకున్నట్టు కనిపిస్తాయి.

కలుపుకోవడానికి పింగాణీ ప్లేటు, కడగడానికి ఒక చెంబు, శుభ్రమైన నీళ్లకు ఇంకో చెంబు, పాత నూలుగుడ్డ, 8, 12 నంబరు గుండ్రటి కుంచెలు. తడిపి విదిలిస్తే మొన కలిసే కుంచె అయితే సింథటిక్‌దైనా ఫరవాలేదు.

నీళ్లలో ముంచిన బొమ్మలు

మా జిల్లా మనిషి ఒకాయన కాగితాన్ని నిజంగానే నీళ్లకు అప్పగించిన పరంపరలో చదువుకున్నారు. పెనుగొండలో 1924లో పుట్టిన కొండపల్లి శేషగిరిరావు హైదరాబాద్‌లో చదివి, శాంతినికేతన్ పోయి నందలాల్ బోస్ దగ్గర నేర్చుకున్నారు. తర్వాత హైదరాబాద్‌లో ఎందరికో పాఠం చెప్పి 2012లో కన్నుమూశారు. తెలంగాణ రాళ్లగుట్టలంటే ఆయనకు ప్రాణం. బెంగాల్ వాళ్ల వాష్ పద్ధతి 1903లో కలకత్తా వచ్చిన జపాన్ చిత్రకారుల సహవాసంతో అవనీంద్రనాథ్ ఠాగూర్ చేతిలో రూపుకట్టింది. రంగు వేసి, ఆరనిచ్చి, బొమ్మనంతా నీళ్లలో ముంచి తీసి, మళ్లీ రంగు వేస్తారు. అలా ఎన్నోసార్లు. డ్రాయింగ్ షీటు మొదటి మునకకే సెలవు తీసుకుంటుంది.

రాజమండ్రిలో దామెర్ల రామారావు చిత్రశాలకు ఒకసారి రైలెక్కి పోయాను. ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహంతో బొంబాయి జె.జె. స్కూల్లో చదివిన ఆయన, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే 1925లో పోయారు. నూరేళ్లు దాటింది. ఆ నీటిరంగుల ముందు నిలబడి బొమ్మ కంటే ఎక్కువసేపు కాగితాన్నే చూశాను. దుకాణందారు బుద్ధి!

దుకాణానికి వచ్చిన ఆ ఎనిమిదో తరగతి పిల్లను ఆదివారం పిలిచి పత్తి షీటులో ఎనిమిదో వంతు ముక్క ఇచ్చాను. డబ్బులు తీసుకోలేదు, పొట్టు లేచిన షీటు తాలూకు బాకీ అది. తడిపింది. అద్దం మెరుపు పోయేదాకా ఆగమన్నాను. పది లెక్కపెట్టింది, ఇరవై లెక్కపెట్టింది, ఇక ఆగలేక నీలం చుక్క పెట్టేసింది. ఆకాశం కట్ట దాటి, చెరువు నిండి, కింద పొలాల్లోకి పారింది.

"మత్తడి దుంకింది అత్తమ్మా!" అని పకపకా నవ్వింది.

ఆరాక కాగితం తిప్పి, రెండో వైపు మళ్లీ తడిపింది. ఈసారి చెయ్యి వెనక్కి పెట్టుకుని, కాగితం అంచున తల ఆనించి, మెరుపు తగ్గడం కోసం చూస్తూ కూర్చుంది.